మూడువందల పన్నెండు గుండీలు

మా కోడలు వడ్రంగితో గొడవపడి గెలిచిన రోజున నేను కిటికీ దగ్గర కుట్టుమిషను ముందు కూర్చుని ఉన్నాను. అందుకని ఒక్క మాట కూడా వదలకుండా విన్నాను. ఆ పిల్ల అరిచి గెలవలేదు. అరవడం తనకి చేతకాదు, ఇంట్లో ఆ పని నాది. ఒక కాగితం పట్టుకుని గుమ్మం దిగింది, అంతే.

మా కిటికీకీ వడ్రంగి షెడ్డుకీ మధ్య ఒక ఇరుకు సందు. మేం దీపం వేస్తే వెలుగు ఆయన పనిబల్ల మీద పడుతుంది. ఆయన కరెంటు రంపం కొన్నప్పటి నుంచి తెల్లవారుజామున అయిదింటికే మొదలుపెట్టేవాడు. మా కోడలు పరీక్షకి చదువుకుందామని ఆఫీసులో వారం రోజులు సెలవు పెట్టి కూర్చుంటే, ఆ రంపం బుర్రలోనే తిరుగుతున్నట్టు ఉండేది. రెండుసార్లు మర్యాదగా చెప్పి చూసింది. రోజంతా రంపం తిరిగితే గానీ తనకి గడవదని, పొట్టమీద కొట్టొద్దని ఆయన అన్నాడు. మూడోసారి చెప్పలేదు. పుస్తకం మూసి, గడియారం ముందు పెట్టుకుని, ఆరు రోజులపాటు రంపం ఎప్పుడు మొదలైందో ఎప్పుడు ఆగిందో రాసింది. ఏడో రోజున సందులో నలుగురి ముందూ ఆ కాగితం విప్పింది.

"మీ షెడ్డు రోజుకి పది గంటలు తెరిచి ఉంటోందండీ. రంపం తిరిగేది రెండు గంటల పది నిమిషాలు. మిగతాదంతా కొలతలు, గీతలు, ఫోను, టీ. మీ పని ఆపమనట్లేదు. ఆ రెండు గంటలూ నేను ఆఫీసుకి వెళ్ళాక పెట్టుకోండి."

ఆయన ఏదో అనబోయాడు. ఇంతలో భోజనం క్యారేజీ తెచ్చిన ఆయన భార్య ఆ కాగితం మా కోడలి చేతిలోంచి తీసుకుని, పైనుంచి కిందిదాకా చూసింది. "రెండు గంటల పనికి పది గంటలు ఇంటి మొహం చూడవా నువ్వు?" అంది. సందంతా నవ్వింది.

ఆ మర్నాటి నుంచి తెల్లవారుజామున, ఆదివారాలు రంపం లేదు. అయిదింటికే వచ్చేవాడు గానీ చప్పుడు లేకుండా చిత్రిక పట్టుకునేవాడు. మా గుమ్మం వైపు చూసి పలకరించడం మానేశాడు. మా కోడలికి మాత్రం నిమిషాలమ్మ అని పేరు పెట్టాడు, అది సందంతా పాకింది. నేను ఆ రోజు ఒక్కదాన్నే కూర్చుని కడుపునిండా నవ్వుకున్నాను. చదువుకోవడానికి తీసుకున్న సెలవంతా ఆ గొడవ గెలవడానికే అయిపోయిందని, ఒక్క పేజీ కూడా తిరగలేదని నాకు అప్పుడు తట్టలేదు. తనకి తట్టిందేమో, చెప్పలేదు.

ఆ పిల్లకి ముప్ఫైతొమ్మిదేళ్ళు. టైర్ల దుకాణం పైన ఒక ఆడిటరు దగ్గర పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. ఊళ్ళోని దుకాణాలు, గోదాములు రాసుకున్న లెక్కలు సరిగ్గా ఉన్నాయా లేదా అని చూడటం తన పని. చూసేది తను, కనిపెట్టేది తను, తప్పు చేసినవాళ్ళ చేత తిట్లు తినేది కూడా తనే. అడుగున సంతకం మాత్రం ఆడిటరుగారిది. ఆ సంతకం తనదయ్యే హక్కు రావాలంటే నాలుగు పేపర్లు పాసవ్వాలి. మొదటిది పాసైన రోజు నుంచి రెండున్నరేళ్ళలోపు నాలుగూ అయిపోవాలట. కాకపోతే పాసైనవి కూడా చెల్లవు, మళ్ళీ మొదటి నుంచి రాయాలి.

"ఒకసారి వచ్చిన చదువు ఎక్కడికి పోతుందే? పాలా విరిగిపోవడానికి?" అన్నాను.

"విరుగుతుంది అత్తయ్యా. తారీకు కూడా వేసి ఇస్తారు" అంది.

మూడు గట్టెక్కింది. నాలుగోది ఆడిటింగు, అంటే రోజూ ఆఫీసులో చేసే పనే. అందులోనే ఒకసారి తప్పింది. చేతికి వచ్చిన పని కాగితం మీద పెట్టడం వేరు; నన్ను చొక్కా కుట్టమంటే కుడతాను గానీ ఎలా కుట్టానో రాయమంటే నేనూ తప్పుతాను. గడువులోపల ఇంకొక్కసారి రాయడానికే వీలుంది.

అప్పుడు వేసింది ప్లాను. ఒక్కో పేపరుకి నూట యాభై గంటలు చదవాలని వాళ్ళ పుస్తకం మొదటి పేజీలో ఉంది. ఆఫీసులో ఇవే పరీక్షలు రాసే హాస్టలు కుర్రాళ్ళేమో వంద చాలన్నారు. వాళ్ళకేం, కంచం ఎవరు కడుగుతారో కూడా తెలియదు. మా కోడలు పన్నెండు వారాలు గీసుకుంది. ఆరు రోజులు తెల్లవారుజామున అయిదు నుంచి ఆరున్నర దాకా గంటన్నర, ఆదివారం మధ్యాహ్నం నాలుగు గంటలు. వారానికి పదమూడు, మొత్తం నూట యాభై ఆరు. ఆరు గంటలు మిగులు కూడా ఉందని సంబరపడింది.

నేను మూడో తరగతి దాకా చదివినదాన్ని. కానీ యాభై ఏళ్ళు గుడ్డ కొలిచాను. కొత్త గుడ్డ కొలతకి ఎప్పుడూ సరిపోతుంది, ఒకసారి తడిపి ఆరేస్తేనే ఎంత కుదించుకుపోతుందో తెలుస్తుంది. ఆ ప్లాను తడపని గుడ్డ. మా అబ్బాయి లారీ మీద నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటాడు. పదేళ్ళ పిల్ల ఉంది, ఆఫీసు ఉంది, మోకాళ్ళ నొప్పులతో నేనున్నాను. ఇవన్నీ నాకు కనిపించాయి. చెబితే ముసల్దానికి ఓర్వలేనితనం అనుకుంటుందేమోనని ఊరుకున్నాను. అన్నిటికీ నోరు పారేసుకునే నేను కావాల్సిన చోట మూసుకున్నాను.

లెక్క పెట్టే పని నాకు అప్పజెప్పింది. "రాసినవాళ్ళే సరిచూసుకోకూడదు అత్తయ్యా. మా పనిలో మొదటి మాట అది. నేనే లెక్కేసుకుంటే నన్ను నేనే మోసం చేసుకుంటాను" అంది. "నేను చదివిన ప్రతి అరగంటకీ ఒక గుండీ సీసాలో వెయ్యండి, సీసా నాకు చూపించొద్దు, తక్కువైతే మాత్రం చెప్పండి, ఆదివారం కలుపుకుంటాను" అని చెప్పింది. రోజుకి మూడు, ఆదివారం ఎనిమిది. చొక్కాలకి కుట్టే తెల్ల గుండీలు నా డబ్బాలో బోలెడు. నాకు గర్వంగా కూడా అనిపించింది. ఇంత చదువుకున్న పిల్ల లెక్క సరిచూడటానికి నన్ను పెట్టుకుందని, జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాను.

మొదటి మూడు వారాలూ గుండీలు నిజాయితీగా పడ్డాయి. నాలుగో వారంలో ఒక రోజు అయిదూ పదికి చూస్తే పుస్తకం తెరిచి ఉంది, పెన్ను చేతిలో ఉంది, తల పుస్తకం మీద వాలిపోయి ఉంది. లేపుదామని దగ్గరికి వెళ్ళాను. కంటి కింద నలుపు, నోరు కాస్త తెరుచుకుని చిన్నపిల్లలా ఉంది. లేపలేకపోయాను. మిషను తొక్కితే మెలకువ వస్తుందని అదీ మానేసి ఊరికే కూర్చున్నాను. ఆరున్నరకి మూడు గుండీలూ వేశాను. మనిషి కుర్చీలో ఉంది, పుస్తకం తెరిచి ఉంది, తప్పేముంది అని నాకు నేనే చెప్పుకున్నాను.

తర్వాత అలాంటివి ఎన్నో నేను గుర్తుపెట్టుకోలేదు, గుర్తుపెట్టుకోకూడదనే అనుకున్నాను. ఎనిమిదో వారంలో మనవరాలికి జ్వరం వచ్చింది. నాలుగు రోజులు మంచం పక్కనే ఉండి తడిగుడ్డ మారుస్తూ ఒళ్ళో పుస్తకం పెట్టుకుంది. గుండీలు వేశాను. పదో వారంలో ఏదో గోదాములో సరుకు లెక్క చూడాలని ఆడిటరుగారు పక్క ఊరికి పంపారు, మూడు రోజులు అక్కడే ఉండిపోయింది. అప్పుడు కూడా వేశాను. తక్కువైందని చెబితే ఆదివారం నాలుగు గంటలు కాస్తా ఆరవుతాయి, ఏడవుతాయి. ఆ పిల్ల అప్పటికే గాలేస్తే పడిపోయేలా ఉంది.

ప్రతి శనివారం అడిగేది, ఏమైనా తక్కువయ్యాయా అని. ఏం తక్కువ కాలేదనేదాన్ని. నా మొహంలోకి చూడకుండా తలూపేది.

నిజం చూసినవాడు ఒక్కడే ఉన్నాడు. ఒకరోజు నేను చెత్త పారబోయడానికి బయటికి వెళితే, వడ్రంగి చిత్రిక ఆపకుండానే గోడకి చెప్పినట్టు అన్నాడు, నిమిషాలమ్మ చదువు ఈమధ్య గురకపెడుతోందని. నీ రంపం కంటే నయమేనని నేను గట్టిగానే తగిలించి వచ్చాను. లోపలికి వచ్చాక సీసాని గుడ్డల మూట వెనక్కి జరిపాను.

పరీక్ష రాసి వచ్చిన రోజు బాగానే ఉందంది. నూట యాభై ఆరు గంటలు చదివిన మనిషికి ఉండే ధీమా అది. ఆ ధీమా నేను కుట్టి తొడిగింది.

ఫలితం వచ్చిన రోజు సాయంత్రం రోజూ వచ్చే వేళకే వచ్చింది. చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, యాభై కావాలి, నలభై అయిదు వచ్చాయని చెప్పింది. ఏడుస్తుందేమోనని చూశాను, ఏడవలేదు. సీసా ఇమ్మంది. మంచం మీద దుప్పటి పరిచి గుండీలు గుమ్మరించి, పదేసి చొప్పున కుప్పలు పెట్టింది. ముప్ఫై ఒక్క కుప్పలు, పైన రెండు. మూడువందల పన్నెండు. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు.

కుప్పలన్నీ మరోసారి వేలితో లెక్కపెట్టింది.

"పదకొండేళ్ళుగా లెక్కలు చూస్తున్నాను అత్తయ్యా. ఇంత సరిగ్గా కుదిరిన లెక్క ఒక్కటి కూడా నిజం కాలేదు." తొమ్మిది గుండీలు ఏరి పక్కకి జరిపింది. "గోదాముకి వెళ్ళిన మూడు రోజులు నేను ఊళ్ళోనే లేను. ఇవెక్కడివి?"

నా నోటికి జడిసి ఈ వీధిలో పాలవాడు కూడా కొలత తగ్గించడు. ఆ పూట ఆ నోటితోనే నా తప్పు ఒప్పుకున్నాను. అన్నీ చెప్పాను. జ్వరం రోజులవి పన్నెండు గుండీలు. నిద్రపోయినవి ఎన్నో తెలియదన్నాను. ఇప్పుడు తీసేద్దామన్నా ఏ గుండీ నిజమో ఏది కాదో నాకే తెలియదు, అన్నీ ఒక్కలాగే తెల్లగా ఉన్నాయి. నన్ను తిట్టమన్నాను. తిడితే నాకు తేలికయ్యేది.

"సరిచూసేవాళ్ళు చుట్టాలు కాకూడదు. పుస్తకంలో రెండో పాఠమే అది" అంది. "పరీక్షలో కూడా అడిగారు. ఆ ఒక్కటీ బాగా రాశాను." నవ్వబోయింది, అది నవ్వు కాలేదు. గుండీలు సీసాలోకి ఎత్తుతూ, "ఊళ్ళో లేని వారం కూడా తక్కువ కాలేదంటే ఊరుకున్నాను. శనివారాలు మీ మొహం చూడకపోవడం నా తప్పు. చూస్తే తెలిసిపోయేది" అంది.

ఆ నెలాఖరుతో గడువు దాటింది. మూడు పేపర్లూ విరిగిపోయాయి. పుస్తకాలు మంచం కిందికి వెళ్ళాయి. ఆఫీసులో, హాస్టలు కుర్రాళ్ళలో ఒకడు పాసయ్యాడు. ఇరవై నాలుగేళ్ళు. ఇప్పుడు మా కోడలు చూసిన లెక్కల కింద ఆ కుర్రాడు సంతకం పెడుతున్నాడు. ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించేది తనే. ఇంటికి వచ్చి ఆ మాట కూర ధర చెప్పినట్టు చెబుతుంది. తెల్లవారుజామున అయిదింటికి అలవాటుగా లేచి, బల్ల ముందు పుస్తకం లేకుండా కూర్చుంటుంది. నిద్ర కూడా పోదు. అది చూడటం నావల్ల కాదు. గుండీలు మళ్ళీ డబ్బాలో కలిపేశాను, కానీ చొక్కాకి ఒక్కటి కూడా కుట్టలేకపోతున్నాను. బజారు నుంచి వేరే తెప్పించుకున్నాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం మంచం కిందనుంచి ఒక పుస్తకం తీసి, దుమ్ము దులిపి బల్ల మీద పెట్టింది. తెరవలేదు.

"మళ్ళీ మొదటి నుంచి అంటే ఆరువందల గంటలు. అన్ని గంటలు నా బతుకులో ఉన్నాయా లేవా, నాకు తెలియదు అత్తయ్యా. లేవనే అనిపిస్తోంది. ఊరికే అనిపిస్తే ఒప్పుకోలేను, లెక్క కావాలి. ఒక నెల ఇదివరకటిలాగే కూర్చుంటాను. అందులో నిజంగా చదివింది ఎంతో ఎవరైనా రాయాలి. లేవని తేలితే ఈ పుస్తకాలు ఇచ్చేస్తాను."

ఈసారి కన్ను ఆర్పకుండా చూస్తాను, ఒట్టు అన్నాను.

"మీరు కాదు" అంది.

మరెవరని అడిగాను. కిటికీలోంచి ఎదురు షెడ్డు వైపు చూసింది. వడ్రంగి ఏదో తలుపు రెక్కకి చిత్రిక పడుతున్నాడు.

"ఆయన అయిదింటికే వస్తాడు, నా బల్ల ఆయనకి కనిపిస్తుంది. నేనంటే జాలి లేదు. నేనడిగితే ఒప్పుకోడు. మీరు వెళ్ళి అడగండి. నా కళ్ళు పుస్తకం మీద ఉన్నంతసేపే రాయమనండి. నేను నిద్రపోతే నిద్ర అని రాయమనండి. లేపొద్దని చెప్పండి."