బొందు పుండు

మాణిక్యమ్మ బంధువుల పెళ్లికి నైటీలో వచ్చింది. ఇంట్లో వేసుకునే పూల నైటీ కూడా కాదు. తన పెళ్లినాటి ఎర్ర పట్టుచీరను కోయించి, జరీ అంచు పాదాల మీదికి వచ్చేలా కుట్టించుకుంది. కంకిపాడులో మూడెకరాల వరి ఒంటిచేత్తో చేయించే మనిషి, మిల్లువాళ్లతో బేరానికి దిగితే మొగుడు వెంకటకృష్ణారావే పక్కకు తప్పుకునే మనిషి, అలా మండపం మెట్లెక్కుతుంటే చూసినవాళ్లు నోళ్లు తెరిచారు.

ఆడపడుచు కనకలక్ష్మి పరుగున వచ్చి ఆవిణ్ణి పక్క గదిలోకి లాక్కుపోయింది.

"ఏంటొదినా ఈ వేషం? అందరూ నవ్వుతున్నారు."

"నవ్వనీ. పళ్లున్నాయి, నవ్వుతారు."

అసలు సంగతి మొగుడూ పెళ్లాలకు తప్ప ఎవరికీ తెలియదు. ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యమని ఆయన ఆసుపత్రిలోనే బతిమాలాడు. ఆవిడ వెయ్యలేదు.

లంగా బొందు బిగించి కట్టకపోతే ఆవిడకు పని సాగేది కాదు. ఏళ్ల తరబడి ఒకేచోట ఒరుసుకుని నడుం చుట్టూ నల్లగా కమిలిపోయింది, పొట్టు రాలేది. దాన్ని ఏ ఆడదీ జబ్బనుకోదు. కొబ్బరినూనె రాస్తుంది, మర్నాడు మళ్లీ అక్కడే బిగిస్తుంది. కిందటేడు ఆ నలుపులో, కుడివైపున, పుండు లేచింది.

"కాస్త వదులుగా కట్టుకోరాదూ?" అన్నాడు కృష్ణారావు.

"వదులుగా కడితే జారిన చీర మీరు పట్టుకుని నా వెనకాలే తిరుగుతారా?"

పసుపు పెట్టింది, పౌడరు అద్దింది. మానినట్టే మాని మళ్లీ పగిలేది. నెలలు గడిచాయి. షుగరేమోనని చూపించుకుంటే లేదన్నారు. పుండు అంచు మాత్రం వేలికి గట్టిగా తగలసాగింది, లంగాకి రక్తం అంటసాగింది. అప్పుడు మాణిక్యమ్మకు భయం వేసింది. భయపడ్డందుకు తన మీద తనకే ఒళ్లుమండింది. నడుం విప్పి ఎవరికి చూపిస్తావని మొగుడు నసిగితే, "నడుం నాది, చూపించేది నేను" అని పటమట ఆసుపత్రికి బస్సెక్కింది.

చర్మం డాక్టరు శాంభవి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. క్యాన్సర్ అని తేలింది. పాకకముందే దొరికింది కాబట్టి చుట్టూ కండతో సహా కోసి తీసేశారు. నల్లబడ్డ ప్రతి నడుమూ క్యాన్సర్ కాదనీ, ఎంతకీ మానని పుండును మాత్రం నిర్లక్ష్యం చెయ్యకూడదనీ డాక్టరు చెప్పింది. ఇక నడుముకి ఏదీ బిగించొద్దంది. అందుకే నైటీ.

మాణిక్యమ్మ కనకలక్ష్మి చెయ్యి తీసుకుని పట్టు మీదుగా తన నడుముకి అదిమింది. వేళ్లు లోపలికి దిగాయి. అక్కడ కండ లేదు.

"ఇదీ నా వేషం" అంటూ జరిగిందంతా చెప్పింది.

కనకలక్ష్మి చెయ్యి తనకు తెలియకుండానే తన చీర కుచ్చిళ్ల పక్కకు పోయింది. మాణిక్యమ్మ అది చూసింది.

"నాది అలాంటిది కాదొదినా. ఉగాది నుంచి ఉంది, అంతే."

బయట జరుగుతున్నది కార్తీకమాసం పెళ్లి, ఉగాది పోయి ఏడు నెలలు దాటింది. మాణిక్యమ్మ తలుపు గడియ పెట్టి, "విప్పు" అంది. చూసింది. అంచు తడిమింది. వేలికి గట్టిగా తగిలింది.

"నడు, పటమట పోదాం."

"ముహూర్తం అయ్యాక వెళ్దాం. మధ్యలో లేస్తే ఏమనుకుంటారు?"

"ముహూర్తం పెళ్లికూతురికి. నీకేం సంబంధం?"

ఇద్దరూ మండపం మధ్యలోంచి నడిచారు. కృష్ణారావు ఎదురొచ్చి, గొంతు తగ్గించి, "ఈ అవతారంలో ఇక ఎక్కడికే?" అన్నాడు. మాణిక్యమ్మ గొంతు తగ్గించలేదు.

"నాకు క్యాన్సర్ వచ్చింది, కోయించుకున్నాను, బతికాను. ఇప్పుడు మీ చెల్లెల్ని డాక్టరుకి చూపించడానికి తీసుకెళ్తున్నాను. ఏమీ కాదంటే తిరిగొచ్చి భోంచేస్తాం. అవునంటే ఈసారి దాచేది లేదు."