లాంచీ అడుగున మూడు యంత్రాలు

1981 ఏప్రిల్లో నన్ను నరసాపురానికి అసిస్టెంట్ ఇంజినీరుగా వేశారు. చేరిన రోజే నాకు అప్పగించింది సముద్రపు పోటుకు ఉప్పునీరు ఎక్కే రేవులో ఉన్న తనిఖీ లాంచీ. అల్యూమినియంతో చేసినది. నీళ్లలో దిగి రెండేళ్లే అయినా అడుగు జల్లెడలా కారుతోంది. తయారీ లోపమని కంపెనీకి ఘాటుగా ఉత్తరం రాయమని మా ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు గారి ఆజ్ఞ. కిందటి తనిఖీలో ఆయన విప్పి పెట్టిన బూట్లు ఫైళ్లతో పాటు లాంచీలోనే తేలుతూ తిరిగాయట.

లాంచీని ఒడ్డున దుంగల మీదికెక్కించి కిందికి దూరాను. అడుగున మూడు రాగిరేకులు మరలతో బిగించి ఉన్నాయి. రేకుల మీద గళ్లు, బీజాక్షరాలు. ఒక్కోదాని చుట్టూ అల్యూమినియం తెల్లటి పిండిలా రాలుతోంది.

లాంచీ నడిపే సరంగు సూరయ్యను అడిగాను. మొదటి యంత్రం దిష్టికి పెట్టించాడట. ఆర్నెల్లకు దాని పక్కనే చిల్లి పడితే, ఒక్కటి చాలలేదనుకుని రెండోది బిగించాడట.

ఉప్పునీటిలో రెండు వేర్వేరు లోహాలు తాకితే చిన్న బ్యాటరీ తయారవుతుంది. రాగి చెక్కుచెదరదు, అల్యూమినియం కరిగిపోతుంది. దీన్ని గాల్వానిక్ తుప్పు అంటాం. అదంతా సూరయ్యకు ఓపిగ్గా చెప్పాను.

"యంత్రం పడవని తినడమేంటండి? అది ఉండబట్టే కదండీ ఇన్ని చిల్లులున్నా తేలుతున్నాం," అన్నాడు.

రేకులు తీసి క్యాబిన్ చెక్కకు కొట్టిద్దామన్నాను. చిల్లులకు అతుకులు వేసి, అడుగున జింకు దిమ్మలు బిగిస్తామనీ, ఇకమీదట పడవ బదులు అవి కరుగుతాయనీ చెప్పాను.

"అంటే బలి అన్నమాటండి," అన్నాడు సూరయ్య.

మా పుస్తకాల్లోనూ ఆ మాటే ఉందని ఒప్పుకున్నాను. వెంటనే వెళ్లి పసుపు, కుంకుమ తెచ్చాడు.

మూడో యంత్రం సంగతి అప్పుడడిగాను. సూరయ్య గొంతు తగ్గించి, బూట్లు తేలిన మర్నాడు ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు గారే దాన్ని పంపించారని చెప్పాడు.

కంపెనీకి ఉత్తరం రాయలేదు. 'అనుమతి లేకుండా బిగించిన రాగి భాగాల వల్ల నష్టం' అని రిపోర్టు పెట్టాను. ఆయన రెండుసార్లు చదివారు. బిగించిందెవరని అడగలేదు. సంతకం చేసి, జింకుకు పూజ చేయించారా అని మాత్రం అడిగారు. చేయించామన్నాను.

విమానాల తయారీలోకి కార్బన్ ఫైబర్ వచ్చాక అల్యూమినియానికి మళ్లీ ఇదే చిక్కు వచ్చిందని తర్వాత చదివాను. కార్బనూ రాగిలాగే తాను నిలిచి అల్యూమినియాన్ని కరిగిస్తుంది. రెండూ తాకకుండా మధ్యలో పూతో, వాషరో ఉండాలి. లోపం వెతికేటప్పుడు డ్రాయింగులో లేనిదేదో ముందు చూడాలి. దాన్ని పెట్టించిందెవరో రిపోర్టు రాయకముందే కనుక్కోవాలి.