మా బావమరిది గ్రీజు పూసిన కాయిల్

మా బావమరిది మీద నాకు కోపం వచ్చి ఇన్నేళ్లయినా ఇంకా దిగలేదు. దించుకునే ఉద్దేశం కూడా లేదు. ఎనభైల మొదట్లో, కెనడా సరిహద్దుకి దగ్గర్లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో, మా ఇంటి బేస్‌మెంట్‌లో జరిగిన నేరం అది. "వాడేదో సాయం చేయబోయాడు" అంటుంది మా ఆవిడ. ఆ లెక్కన భూకంపం కూడా ఇల్లు సర్దిపెట్టడానికే వస్తుంది.

నాకు అమెచ్యూర్ రేడియో పిచ్చి, అంటే ఇంట్లో కూర్చుని సొంత రేడియోలో ఊరూరి వాళ్లతో మాట్లాడే పిచ్చి. అందులోనూ నూట అరవై మీటర్ల బ్యాండ్ అనే ముదిరిన పిచ్చి. ఆ అలలు ఎంత పొడుగంటే, వాటికి సరిపడా తీగ కట్టాలంటే మా పెరడుతో పాటు పక్కింటివాళ్ల పెరడు, దాని అవతలి చర్చి పార్కింగ్ లాట్ కూడా ఆక్రమించుకోవాలి. అంత భూమి లేనివాడు యాంటెనా మొదట్లో ఒక కాయిల్ తగిలిస్తాడు. దాంతో రేడియో ఆ పొట్టి తీగని పొడుగు తీగేనని నమ్ముతుంది. అయితే వానకీ మంచుకీ ఈ లెక్క మారిపోతూ ఉంటుంది కనక, చుట్లు పెంచి తగ్గించే వీలున్న కాయిల్ కావాలి. నాది పాత మిలిటరీ సామాను సంతలో దొరికింది. పింగాణీ గొట్టం మీద లావుపాటి రాగి తీగ ముప్ఫై చుట్లు. పిడి తిప్పితే గొట్టం తిరుగుతుంది, ఒక చిన్న ఇత్తడి చక్రం ఆ తీగ మీద దొర్లుతూ పోతుంది. చక్రం ఎక్కడ ఆగితే అక్కడిదాకానే కాయిల్. చక్రానికీ తీగకీ మధ్య దుమ్ము కూడా ఉండకూడదు. మా పెళ్లి ఫోటోని తుడిచినదానికంటే దాన్నే ఎక్కువసార్లు తుడిచాను. ఈ సంగతి మా ఆవిడకి తెలుసు.

ఒక్కటే లోపం. తిప్పితే కిర్రుమనేది. ఆ కిర్రుకి నది అవతల కెనడావాళ్లు నిద్రలేచేవాళ్లు.

మా ఆవిడ తమ్ముడు ఒక కార్ల కంపెనీలో ఇంజనీరు. కిర్రులు పట్టుకోవడమే వాడి ఉద్యోగం. కొత్త కారు వెనక సీట్లో కూర్చుని రోజంతా ఊరు తిరుగుతూ, ఏ తలుపు మూలుగుతోందో ఏ సీటు సణుగుతోందో చెవులు రిక్కించి వింటాడు. శని, ఆదివారాలు అక్క వంట తినడానికి వచ్చి మా బేస్‌మెంట్ సోఫాలో పడుకుంటాడు. వాడు గుమ్మంలో అడుగు పెట్టగానే మా ఇంటి తలుపులు భయపడి నోరు మూసుకునేవి.

ఇక ఆ ఆదివారం సంగతి. నాకు మోర్స్ నేర్పింది మా వీధిలో ఉండే ఒక ముసలాయన, రైల్వే టెలిగ్రాఫ్‌లో పనిచేసి రిటైరైనవాడు. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో నా ఇంగ్లీషు విన్న ప్రతివాడూ "పార్డన్?" అనేవాడు. చుక్కల్లో, గీతల్లో మాట్లాడితే అనని మనిషి ఆయనొక్కడే. భార్య పోయాక దేశం అవతలి కొసన వాషింగ్టన్ రాష్ట్రంలో, సముద్రం ఒడ్డున ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. చలికాలం వస్తే ఆదివారాలు పొద్దున్నే ఆ బ్యాండ్‌లో కలుసుకునేవాళ్లం. ఆ చలికాలం ఆయన్ని వృద్ధాశ్రమంలో చేరుస్తున్నారు. అక్కడ తీగలు కట్టనివ్వరు. "ఆదివారం మధ్యాహ్నం యాంటెనా దించేస్తారు. పొద్దున మీ ఏడున్నరకి చివరిసారి పిలుస్తాను" అని ఉత్తరం రాశాడు. మాకు ఎనిమిదికి సూర్యుడు పైకి వచ్చాడంటే ఆ బ్యాండ్ ఇక వినపడదు. అంటే నా చేతిలో ఉన్నది అరగంట.

ఏడుంబావుకి కిందికి దిగి పిడి తిప్పాను. చప్పుడు లేదు. వెన్నలో వేలు పెట్టినట్టు తిరిగింది. లైటు వేసి చూద్దును కదా, ముప్ఫై చుట్లకీ, చక్రానికీ, పిడికీ గ్రీజు. రెండు లారీలకి సరిపోయేంత గ్రీజు.

"ఎవడ్రా ఈ పని చేసింది?"

సోఫా మీద దుప్పట్లోంచి తల బయటికొచ్చింది. "నేనే బావా. నిన్న నువ్వు గ్రోసరీకి వెళ్లినప్పుడు ఫిక్స్ చేశా. దాని అరుపు వింటే జాలేసింది. ఫస్ట్ క్లాస్ వీల్ బేరింగ్ గ్రీజు. పదేళ్లు దాని జోలికి పోనక్కర్లేదు."

"అది కరెంటు తగలాల్సిన చోటురా."

"మూవింగ్ పార్ట్ బావా. మూవింగ్ పార్ట్‌కి లూబ్రికేషన్ ఉండాలి."

"నీ నోరు కూడా మూవింగ్ పార్టే. పూయనా?"

అయినా ఆశ చావక మోర్స్ కొట్టే మీట నొక్కాను. చక్రం దగ్గర చిటపటమని నిప్పురవ్వలు లేచాయి. మాడిన అప్పడం వాసన వచ్చింది. మీటరు ముల్లు పూనకం వచ్చినట్టు ఊగింది. సరిగ్గా అప్పుడే హెడ్‌ఫోన్‌లో, దూదిలో చుట్టినట్టు సన్నగా, ముసలాయన నన్ను పిలుస్తున్నాడు. నా కాల్ సైన్, అంటే రేడియోలో నా పేరు, తర్వాత ఆయనది. కొంచెం ఆగి, మళ్లీ నాది.

నా కేకలు విని, గ్రీజు వదలగొట్టడానికి మా ఆవిడ గోళ్లరంగు తుడిచే మందు సీసా పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. బాత్రూమ్‌లో కనబడిన మొదటి టూత్‌బ్రష్ తీసుకుని తోమడం మొదలుపెట్టాను.

"బావా, అది నా బ్రష్షు."

"తెలుసు."

అప్పుడు వాడు నేను చచ్చేదాకా మరిచిపోని మాట అన్నాడు. "అంత ఇంపార్టెంట్ అయితే ఆయనకి ఫోన్ చేయొచ్చు కదా బావా?"

"ఏమండీ, ముందు ఆ బ్రష్షు కింద పెట్టండి" అంది మా ఆవిడ. నా చెయ్యి ఎటు లేచిందో ఆవిడ చూసింది.

కావలసిన చోట నాలుగు చుట్లు తోమేసరికి బేస్‌మెంట్ కిటికీ తెల్లబడింది. చక్రం అక్కడ నిలిపి మీట నొక్కాను. ముల్లు ఈసారి కుదురుగా నిలబడింది. నా కాల్ సైన్ కొట్టి, ఇక్కడే ఉన్నాను, ఇక్కడే ఉన్నాను అని పంపుతూనే ఉన్నాను. అవతలినుంచి హోరు తప్ప ఏమీ రాలేదు. పెరట్లో మంచు మీద ఎండ పడింది. సూర్యుణ్ణి కూడా తిట్టాను.

పది రోజులకి ఆయన దగ్గరినుంచి కార్డు వచ్చింది. మా రేడియోవాళ్లు ఒకర్నొకరు విన్నామని రుజువుగా పంపుకునే కార్డు. అందులో నా కాల్ సైన్ రాసి, ఒకే గీతతో కొట్టేశాడు. కింద వణికే అక్షరాలు: "ఒక స్టేషన్ వినబడింది. మీట నొక్కే తీరు చూస్తే నువ్వే. కానీ కాల్ సైన్ పూర్తిగా అందలేదు కనక లెక్కలోకి రాదు. చేతిని మాత్రం గుర్తుపట్టాను."

ముందు ఆయన మీదే ఒళ్లు మండింది. నేనని తెలుసు, కొట్టేయడం దేనికి? రైల్వేలో అందని అక్షరాన్ని అందిందని ఒక్కసారి కూడా రాసి ఉండడు, నా కోసం రాస్తాడా? ఆ కార్డు కాయిల్ పక్కనే గోడకి గుచ్చాను.

నెల తర్వాత, కాయిల్ అంతా తోమి మళ్లీ బిగించాక, బావమరిది నా వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను పిడి తిప్పాను. కిర్రుమంది. వాడు తల పక్కకి వంచి విన్నాడు.

"బావా, అరిచేది కాయిల్ కాదు. ఎడమవైపు ఇరుసు. అక్కడ ఒక్క చుక్క వేస్తే..."

"ముట్టుకున్నావంటే అక్కచేత వంట మాన్పించేస్తా."

వాడు వెళ్లాక ఎడమవైపు ఇరుసుకి చెవి ఆనించి తిప్పి చూశాను. వాడు చెప్పింది నిజం. ఆ చుక్క ఇప్పటికీ వేయలేదు.