గాలిగది దుబాసి

మా మేనకోడలు చేసే పనికి ఒక్క మాటలో పేరు చెప్పడం కష్టం. ఇంట్లోవాళ్ళు "కంప్యూటరు పని" అని తేల్చేస్తారు. నేను మాత్రం ఆమెను మొదటినుంచీ దుబాసి అనే పిలుస్తున్నాను. ద్విభాషి అన్న సంస్కృతపదం జనం నోట నలిగి, అంచులు అరిగి, దుబాసి అయింది. బాగా వాడిన మాటలే అలా అరుగుతాయి. నిఘంటువులో భద్రంగా కూర్చున్నవాటికి ఆ భాగ్యం లేదు.

ఆమె పనేమిటో నాకు అర్థమైనంతవరకు చెబుతాను. ఒక ప్రోగ్రాంను పలువురు కలిసి రాస్తారు, దిద్దుతారు. ఆ దిద్దుబాట్లలో ఒక్కటీ పోకుండా దాచే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది. కొట్టివేసినది సైతం అందులో నశించదు. ఎవరు కొట్టివేశారు, ఎప్పుడు, ఎందుకు అన్న వివరం పక్కనే నిలిచి ఉంటుంది. ఎర్రసిరాతో ఇతరుల వాక్యాలు దిద్దుతూ ఉద్యోగం వెళ్ళదీసినవాణ్ణి కాబట్టి, ఈ సంగతి విన్నప్పుడు నాకు కొంచెం అసూయ కలిగిన మాట నిజం. ఆ దిద్దుబాట్లు నిల్వ ఉండే చోటును రిపాజిటరీ అంటారు. అది ఎదుటి బల్లమీద ఉండవచ్చు, ఎక్కడో దూరాన ఏ పాత యంత్రంలోనో ఉండవచ్చు. దూరాన ఉన్నదానికి ఈ కొత్త సాఫ్ట్‌వేర్ భాష రాకపోతే, మధ్యన ఒక చిన్న ప్రోగ్రాం నిలబడాలి. దానిని హెల్పర్ అంటారు. కొత్తది అడుగుతుంది: నీకేమి చేతనవును? నీ దగ్గర ఏమేమి ఉన్నాయి? సరే, తీసుకురా. హెల్పర్ ఆ ప్రశ్నలను అవతలి భాషలో అడిగి, వచ్చిన జవాబును ఇవతలి భాషలో అప్పగిస్తుంది. సొంతంగా ఒక్క మాట కలపకూడదు, విన్న మాట మింగకూడదు.

ఈ విద్యలో ఆమెకు చిన్ననాడే తర్ఫీదు దొరికింది. మా అక్కా బావా మాటలు మానుకున్నప్పుడల్లా కాపురం ఈ పిల్ల నోటిమీదుగానే నడిచేది. వంటగదికీ ముందుగదికీ నడుమ గుమ్మంలో నిలబడేది.

"అన్నం పెడుతుందా లేదా, అడుగు మీ అమ్మని."

"అన్నం పెడతావా లేదా అని అడుగుతున్నారు."

"చేతులు కడుక్కున్నారేమో కనుక్కో."

"చేతులు కడుక్కున్నారా అని అడుగుతోంది."

"దానికెందుకట?"

"నీకెందుకట."

"ఆ చివరి ముక్క చెప్పకుండా ఊరుకోవచ్చు కదే," అన్నాను ఒకసారి. "నాన్న అన్న మాట నేనెలా దాచుకుంటాను మావయ్యా?" అంది, చాలా బాధపడుతూ.

అటువంటి మనిషి జీవితంలో ఒకే ఒకసారి తన మాట కలిపింది. నేను చెప్పదలచుకున్నది ఆ సంగతే.

మా ఊరికీ రేవుకూ మధ్యన ఒక కొండ, దానికింద ఒక పొడవాటి సొరంగం ఉన్నాయి. సొరంగం కప్పుకు వరుసగా పెద్ద పెద్ద ఫ్యాన్లు వేలాడుతుంటాయి. అవి తిరగవలసినంత తిరగకపోయినా, తిరగవలసిన వైపు తిరగకపోయినా, వాహనాల పొగ నడిమధ్యన పేరుకుంటుంది. ఆ నడిమధ్యనే, గోడలోకి తొలిచిన చిన్న గది ఒకటి ఉంది. అందరూ దానిని గాలిగది అంటారు. ఫ్యాన్లను నడిపే ప్రోగ్రాం, దాని దిద్దుబాట్లు, అన్నీ ఆ గదిలోని పాత యంత్రంలో ఉండేవి. వాటిని రాసినవాడు ఒక్కడే మనిషి. సొరంగంలో పనిచేసేవాళ్ళు ఆయనను గాలిమేస్త్రి అనేవారు.

గది మూసివేసి, ఫ్యాన్లను ఊళ్ళోని ఆఫీసునుంచే నడపాలని, సొరంగాన్ని చూసుకునే, మా దుబాసి పనిచేసే సంస్థవారు నిశ్చయించారు. మేస్త్రి దిద్దుబాట్లన్నిటినీ కొత్త చోటికి చేర్చే హెల్పర్ రాయడం మా దుబాసి వంతయింది. ఇలాంటివి ఆమె అంతకుముందు చాలానే రాసింది. కాని ఆమె భర్త పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆ సొరంగం గుండానే బస్సు నడుపుతాడు. "ఊపిరి నీ చేతిలో పెట్టాక కూరలో ఉప్పు గురించి మాట్లాడతానా!" అని మా అల్లుడు వేళాకోళమాడేవాడు. ఆమె నవ్వేది కాదు. చేరవేతలో ఒక్క దిద్దుబాటు జారిపోయినా, పొగ నిలిచేది అతని దారిలోనే.

మేస్త్రితో ఆమె ఫోనులో చాలాసార్లు మాట్లాడింది. "నెమ్మదిగా చెయ్యమ్మాయ్," అనేవాడాయన. "కొండకి తొందరేం లేదు. తొందరంతా మీ మేనేజరుకే."

హెల్పర్ పూర్తికాకముందే మేస్త్రి జ్వరంతో ఆసుపత్రిలో చేరి, అక్కడే పోయాడు. గాలిగదికి తాళం వేసి, తాళానికి సీలు వేశారు. యంత్రం మాత్రం లోపల నడుస్తూనే ఉంది.

కొన్నాళ్ళకు హెల్పర్ సిద్ధమైంది. దిద్దుబాట్లన్నీ మేస్త్రి పేరుతో, మేస్త్రి రాసిన కారణాలతో వచ్చి చేరాయి. చివరిదానికి కారణం "మధ్యలో బరువుగా ఉంది" అని ఉంది. సరిచూద్దామని మర్నాడు ఆమె హెల్పర్‌ను మళ్ళీ నడిపింది. ఇంకొక దిద్దుబాటు వచ్చింది. పేరు మేస్త్రిదే. కారణం "మధ్యలో బరువుగా ఉంది". తేదీ ఆ రోజుది.

ఆమె దానిని మేనేజరుకు చూపించింది.

"చూశాను. అయితే ఏంటమ్మా?"

"ఆయన పోయి పక్షం దాటింది సర్."

"పోయినాయన వచ్చి ఫ్యాన్లు తిప్పుతాడా? తప్పు నీ ప్రోగ్రాంలోనే ఉంటుంది. ముందు అది చూసుకో."

ఆ మాట గుచ్చుకుంది; వెదికి చూస్తే నిజమే అయింది. పేరు లేని దిద్దుబాటును కొత్త సాఫ్ట్‌వేర్ లోపలికి రానివ్వదు. మేస్త్రి తొలిరోజుల్లో చేసినవాటిలో కొన్నింటికి పేరు లేదు. వాటి దగ్గర పని మాటిమాటికీ ఆగిపోతుంటే విసుగెత్తి, "పేరు ఖాళీగా ఉంటే అంతకుముందు చూసిన పేరు వెయ్యి, కారణం ఖాళీగా ఉంటే అంతకుముందు చూసిన కారణం వెయ్యి" అని ఆమె హెల్పర్‌కు నేర్పింది. అవతల ఉన్నది ఒక్క మనిషే కదా అనుకుంది. తరువాత తీసివేయాలనుకుని మరచింది. చనిపోయినవాడి పేరు వేస్తున్నది అవతలి యంత్రం కాదు, ఈమె రాసిన హెల్పరే.

"దెయ్యాన్ని నేనే తయారుచేశాను మావయ్యా," అంది ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆమె వెళ్ళాక నాకు నవ్వు నిలవలేదు. తెలుగులో "తలుపు తెరిచాడు" అంటాం, "తలుపు తెరుచుకుంది" అనీ అంటాం. రెండవ వాక్యంలో తెరిచినవాడు ఉండడు, తలుపు మాత్రం తెరిచే ఉంటుంది. ఆ ప్రయోగాన్ని ఎన్నో తరగతులలో, ఎంతో ధీమాగా బోధించాను. అది ఎంత భయంకరమైన వాక్యమో నాకు ఆ రోజుదాకా తోచలేదు. పేరు హెల్పర్ వేసింది, బాగానే ఉంది. దిద్దుబాటు ఎవరు చేశారు?

అదే ప్రశ్న ఆమెకు దారిలోనే తట్టిందట. మర్నాడు హెల్పర్‌లో తాను కలిపిన మాటను తీసివేసి మళ్ళీ నడిపింది. దిద్దుబాటు వచ్చింది. పేరు లేదు. కారణం లేదు. మేస్త్రి పేరు ఉన్నప్పుడే కొంత నయంగా అనిపించిందని తరువాత నాతో అంది.

ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకుని మధ్యాహ్నం గాలిగదికి వెళ్ళింది. సీలు చెక్కుచెదరలేదు.

"చూశారుగా మేడం. చీమ కూడా లోపలికి పోలేదు," అన్నాడతను తాళం తీస్తూ.

లోపల కీబోర్డుమీద దుమ్ము పరుచుకుని ఉంది, వేలిముద్ర అన్నది లేదు. గాలి ఎటు పోతున్నదో చూసుకోవడానికి మేస్త్రి పైకప్పునుంచి సన్నని కాగితపు పట్టీలు వేలాడదీసుకున్నాడు. మూసిన గదిలో అవి నిట్టనిలువుగా వేలాడాలి. అన్నీ తలుపు వైపుకు, అంటే వీళ్ళ వైపుకు, వాలి ఉన్నాయి. రెపరెపలాడడం లేదు; వాలి, అలాగే నిలిచి ఉన్నాయి. ఎలక్ట్రీషియన్ ఒక పట్టీని పట్టుకుని నిలువుగా లాగి వదిలాడు. అది మెల్లగా మళ్ళీ వాలింది.

"వైర్లు పీకేద్దాం మేడం," అన్నాడతను గొంతు తగ్గించి. "మాట్లాడుకోవడం బయట మాట్లాడుకుందాం."

యంత్రాన్ని విప్పి, వ్యాన్‌లో ఆఫీసుకు తెచ్చి, ఆమె బల్ల కింద పెట్టారు. దాని వైర్లు దానికే చుట్టి ఉన్నాయి.

ఫ్యాన్లను ఆఫీసునుంచి నడపడం మొదలైన రోజు పొద్దున్న, నేను రేవు పక్కనున్న కంటి డాక్టరు దగ్గరకు బయలుదేరి మా అల్లుడి బస్సే ఎక్కాను. డ్రైవరు వెనక సీటులో కూర్చున్నాను. బస్సు సొరంగం ముందర వరుసలో ఉండగా మా దుబాసి ఫోను చేసింది.

"ఎక్కడున్నారు మావయ్యా?"

"సొరంగం మొగదల. మీ ఆయన ముందున్న లారీవాణ్ణి దీవిస్తున్నాడు."

"ఆయన్ని లోపలికి వెళ్ళొద్దనండి."

"ఏమయ్యా, ఆగమంటోంది మీ ఆవిడ," అన్నాను.

"ఇక్కడ ఆగితే వెనకాలవాళ్ళు నన్ను పాతేస్తారు మావయ్యగారూ. ఇంటికొచ్చాక ఆగుతానని చెప్పండి," అన్నాడు. అప్పటికే సొరంగంలోకి వచ్చేశాం. ఫోను తెగిపోయింది.

అవతల జరిగినది ఆమె తరువాత చెప్పింది. యంత్రాన్ని విప్పేశారు కాబట్టి జవాబు రాదని రూఢి చేసుకోవడానికి ఒక్కసారి హెల్పర్‌ను నడిపిందట. నీ దగ్గర ఏమున్నాయని హెల్పర్ అడిగింది. జవాబు వచ్చింది. కరెంటు లేని యంత్రం ఆమె పాదాల దగ్గరే ఉంది. వచ్చిన దిద్దుబాటు ఒక్కటే: ఊరివైపుకు తోస్తున్న మధ్య ఫ్యాన్లన్నిటినీ తక్షణం రేవువైపుకు తిప్పడం. దానికి పేరు లేదు. అది చూడగానే బస్సులో ఉన్న నాకు ఫోను చేసిందట.

"ముట్టుకోకు," అన్నాడు మేనేజరు. "ఎవరు చేశారో తెలియని మార్పు ఫ్యాన్లకు ఎక్కిస్తే రేపు ఎవరు జవాబు చెబుతారు?"

ఆమె పేరు ఉండవలసిన చోట తన పేరు వేసి, ఎక్కించింది.

సొరంగం మధ్యలో ఫ్యాన్ల హోరు ఒక్కసారిగా ఆగింది. బస్సులోని వాళ్ళందరూ తలలెత్తి పైకి చూశారు. అంత నిశ్శబ్దాన్ని ఆ సొరంగం ఎన్నడూ విని ఉండదు. తరువాత హోరు మరొక శ్రుతిలో మొదలై, వెనకనుంచి చల్లని గాలి కిటికీలలోకి తోసుకు వచ్చింది. సరిగ్గా అప్పుడు, ముందున్న లారీ ఇంజనులోనుంచి మంట లేచింది. నల్లని పొగ మా వైపుకు ఒక చెయ్యి చాచినట్టు వచ్చి, గాలికి వెనుదిరిగి, రేవువైపుకు పోయింది. లారీకి ముందున్న వాహనాలు అప్పటికే బయటపడ్డాయి. లారీ డ్రైవరు దూకి మావైపుకు పరుగెత్తుకు వచ్చాడు. మా అల్లుడు ఒక్కొక్కరినే దింపి, అందరినీ ఊరివైపుకు నడిపించాడు. గాలిగది ముందునుంచి పోతుండగా తలుపు కింది సందులోంచి చలిగాలి నా కాళ్ళకు తగిలింది. తాళం వేసే ఉంది.

ఆ మార్పు ఆమె పేరున ఉన్నది కాబట్టి మెప్పంతా ఆమెకే దక్కింది. పాత యంత్రం తుక్కు కింద పోయింది. దిద్దుబాట్లు మాత్రం వస్తూనే ఉన్నాయి. ఇప్పుడు వాటికి పేరు ఉంటోంది. ఆమె పేరు. హెల్పర్‌ను ఆమె అక్షరం అక్షరం వెదికింది. పేరు కలిపే మాట అందులో ఎక్కడా లేదు.

"నువ్వే రాసి మరిచిపోతున్నావేమోనమ్మా. సెలవు పెట్టు," అన్నాడు మేనేజరు.

ఆమె సెలవు పెట్టలేదు. వచ్చినదాన్నల్లా ఎక్కిస్తూనే ఉంది. "ఏదో ఒకరోజు కాదని చూడరాదా?" అన్నాను.

"చూడొచ్చు మావయ్యా. ఆ రోజు బస్సులో ఎవరుండాలో మీరే చెప్పండి."

చివరికి మా అల్లుడే వేరే రూటుకు మార్పించుకున్నాడు. కొండతో ప్రమేయం లేని రూటు. ఆ సాయంత్రం నేను వాళ్ళింట్లోనే ఉన్నాను.

"నీకోసమే మారాను. ఇక ఆ కంప్యూటరు కట్టెయ్," అన్నాడు.

"ఇవాళ వచ్చింది వద్దంటాను. అంతటితో సరి," అందామె.

మా ఎదుటనే హెల్పర్‌ను నడిపింది. వచ్చింది ఒక అల్పమైన మార్పు: మధ్య ఫ్యానొకటి కాస్త నెమ్మదించడం. ఆమె వేలు చాలాసేపు కీబోర్డుమీద ఊరికే ఆనించి ఉంచింది. అంతలో వీధి చివరనుంచి అతని పాత రూటు బస్సు దీపాలతో వెళ్ళింది. వేరెవరో నడుపుతున్నారు. నిలబడ్డవాళ్ళు కూడా ఉన్నారు. అది కొండవైపుకు మలుపు తిరిగేదాకా ఆమె కిటికీలోంచి చూసింది. ఆ తరువాత మార్పును ఎక్కించింది. 

చెప్పవలసినదంతా చెప్పాక అవతలివైపునుంచి ఒక ఖాళీ పంక్తి రావాలట. మాట ముగిసిందనడానికి అదే గుర్తు. అది అందితేగాని హెల్పర్ పని చాలించదు. మేము ముగ్గురం తెరవైపు చూస్తూ కూర్చున్నాం. ఖాళీ పంక్తి రాలేదు.

"అయిపోయిందా?" అన్నాడు మా అల్లుడు కొంతసేపటికి.

"లేదండీ," అందామె, కుర్చీ దగ్గరకు లాక్కుంటూ. "ఇంకా ఏదో చెబుతోంది."