కల వస్తే గొలుసు విప్పుతారట

మా చిన్నాయన కొడుకు పెంచలయ్యకు దయ్యం పట్టిందన్న కబురు కావలికి ఒక పెళ్ళిపిలుపుతో పాటు వచ్చింది. శుభలేఖ తెచ్చిన బంధువు ఆకు ముందు కూచుని, పప్పులో నెయ్యి వేయించుకుంటూ చెప్పాడు. పెంచలయ్య ఎండాకాలంలో మూడు జతల ఎద్దులు కొన్నాడట. వాడికున్న పొలానికి ఒక జతే ఎక్కువ. సముద్రం దాకా కాలవ తవ్విస్తానని కూలీలను పిలిచాడట. రాత్రిళ్ళు పడుకోకుండా పాటలు కట్టి పాడాడట. ఇప్పుడేమో గోడవైపు తిరిగి పడుకుని లేవడం లేదట. అందుకని వాకాడు అవతల, సముద్రపు ఒడ్డున ఉన్న ఒక అమ్మవారి గుడిలో నిద్రకు పెట్టారట.

"మన వంశంలో ఎవరికీ లేని జబ్బమ్మా," అని ఆయన మళ్ళీ నెయ్యి అడిగాడు.

నేనూ ఆ వంశంలోదాన్నే. ఆ జబ్బు నాకుంది. నన్ను మద్రాసు ఆస్పత్రిలో చేర్చినప్పుడు మా పిన్నమ్మ, అంటే ఈ పెంచలయ్య తల్లి, నా పిత్తాశయంలో రాయి పుట్టిందని జిల్లా అంతా తిరిగి చెప్పి వచ్చింది. జబ్బుల్లోనూ కులాలున్నాయి. రాయి పంక్తిలో కూచుంటుంది, మతి చెడడం వాకిట్లోనే ఆగిపోవాలి.

వాణ్ణి అక్కడినుంచి లేపి మద్రాసు డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలని బయలుదేరాను. మా ఆయన సంచీ కట్టిస్తూ, "నీ సంగతి పిన్నమ్మకు చెవిలో గుర్తుచేస్తావా, అందరి ముందూ చెబుతావా?" అని అడిగాడు.

"చెవిలో చెబితే అది మళ్ళీ రాయి అవుతుంది," అన్నాను.

తెల్లవారుజామున కావలిలో మద్రాసు వైపు పోయే ప్యాసింజరు ఎక్కాను. ఈ బండి ముందుగా వచ్చి కూచున్నవాళ్ళకు ఆలస్యంగానూ, ఆలస్యంగా వచ్చేవాళ్ళకు ముందుగానూ వస్తుంది. నెల్లూరు స్టేషనులో ఇడ్లీలు అమ్ముతారు. వాటికి చట్నీ ఇస్తారనే కంటే చూపిస్తారనడం న్యాయం. ఈ దారిన పోయేవాళ్ళు ఇంటినుంచి పెరుగన్నం కట్టుకుపోవడం మేలు. గూడూరులో దిగి కోట మీదుగా వాకాడు పోయే బస్సు పట్టుకున్నాను.

బస్సులో నా పక్కన ఒకామె కరివేపాకు కట్ట, ఒక బిడ్డతో సహా కూచుంది. నన్ను కాసేపు చూసి, "మీరు కావలి టీచరమ్మ గదా? మీకు రాయి తీసినారంటనే. ఎంత లావుండిందమ్మా?" అంది. ఆమె కోటలో మా బంధువుల ఎదురింటామెట.

"రాయి లేదమ్మా. నాకు మతి చెడింది. మద్రాసులో మందులిచ్చి నయం చేశారు."

ఆమె ముందు బిడ్డను అవతలి ఒళ్ళోకి మార్చింది. తర్వాత కరివేపాకు జరిగింది. ఆ తర్వాత ఆమె జరిగింది. కోట వచ్చేలోపల సీటంతా నాదే. రద్దీ బస్సుల్లో కాళ్ళు చాపుకుని పోదలచిన వాళ్ళకు ఈ ఉపాయం ఉచితంగా చెబుతున్నాను.

వాకాడులో పూటకూళ్ళింట్లో చేపల పులుసుతో భోజనం. పులుసు మామిడికాయ వేసి చేశారు, దాన్ని ఎగతాళి చేయడానికి నాకు నోరు రాదు. అక్కడినుంచి ఊరి బయటి పడవల కాలవ దాకా ఒంటెద్దు బండి. బండివాడు గుడిలో నిద్రకు పోయేవాళ్ళను రోజూ తోలేవాడే.

"నయమై పోయిన వాళ్ళను ఎంతమందిని తిరిగి తోలుకొచ్చావు?" అని అడిగాను.

"పోయేటప్పుడు నా బండే ఎక్కుతారమ్మా. వచ్చేటప్పుడు ఏ బండి ఎక్కుతారో నాకెట్టా తెలుస్తాది," అన్నాడు.

పడవలో కాలవ దాటి, సరుగుడు తోపులో ఇసుక తొక్కుకుంటూ నడిస్తే గుడి. గుడి ముందు తాటాకు పందిరి, పందిరి కింద మనుషులు. రైతులు, వలలు వేసే పట్టపోళ్ళు, వాళ్ళ తల్లులు, పెళ్ళాలు, వంట సట్లు, చాపలు. రోగుల కాళ్ళకు గొలుసులు. అక్కడి పద్ధతి ఏమిటంటే, జబ్బుమనిషి అమ్మవారి ముందు నిద్ర చేయాలి. అమ్మ కలలోకి వచ్చి ఇక పొమ్మనాలి. ఆ కల పూజారికి చెబితే గొలుసు విప్పుతారు. కల రాకపోతే అక్కడే ఉండాలి. నిద్ర పట్టకపోవడమే ఈ జబ్బులో సగం. పళ్ళూడినవాడి చేతికి చెరుకుగడ ఇచ్చి, అది నమిలేదాకా ఇక్కణ్ణించి కదలొద్దన్నట్టుంది ఏర్పాటు.

పెంచలయ్య గుంజకు ఆనుకుని కూచుని ఉన్నాడు. గడ్డం మాసి, చీలమండ దగ్గర తుప్పు మరక పడి, నన్ను చూసి కూడా చూడనట్టున్నాడు. పిన్నమ్మ వాడికి సంగటి చిన్న చిన్న ముద్దలు చేసి నోట్లో పెడుతోంది. వాడి పెళ్ళాం రాగమ్మ ఇసుక చెలమలోంచి నీళ్ళు తోడి పందిరికి మోస్తోంది.

"ఏందమ్మే కామాక్షీ, ఇంత దూరం వచ్చినావు?" అంది పిన్నమ్మ.

"వీణ్ణి మద్రాసు తీసుకుపోదాం పిన్నమ్మా."

"పిచ్చాసుపత్రికా? నా బిడ్డనా? పేరొచ్చేస్తాదమ్మే."

"గొలుసు వేస్తే రాని పేరు ఆస్పత్రికి పోతే వస్తుందా?"

"ఇది దయ్యం గొలుసు. దయ్యం దారిన పోతా పోతా ఎవురినన్నా పడతాది, అది ఎవురి తప్పూ గాదు. మతి చెడిందంటే వంశం మీదికొస్తాది. ఆడబిడ్డలు గల ఇల్లు మాది."

తర్కంలో ఆమెను తీసిపారేయడానికి లేదు. దయ్యానికి వంశవృక్షం ఉండదు గదా. అందుకే నేను పందిరి మధ్యకు పోయి కూచుని, గొంతు పెంచి, నా సంగతి చెప్పాను.

ఒక ఏడు నాకు వారం పాటు నిద్ర పట్టలేదనీ, అయినా అలుపు లేదనీ, లోకమంతా నన్ను అడిగే నడుస్తోందనిపించిందనీ చెప్పాను. ఒక్క పూటలో కొట్టుకు పోయి, బడిలో పిల్లలందరికీ పట్టు పరికిణీలు కొన్నాను. హెడ్మాస్టరుతో పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా వాదించాను. నేను మామూలుగా కూడా వాదించేదాన్నే కాబట్టి జబ్బని కనిపెట్టడానికి వాళ్ళకు చాలా రోజులు పట్టింది. ఆ తర్వాత దీపం ఆర్పినట్టయింది. తల దువ్వుకుందామంటే చెయ్యి లేవలేదు. దువ్వెన వడ్లబస్తా అంత బరువైంది. చచ్చిపోతే బాగుండుననుకున్నాను, దానికి కూడా ఓపిక లేకపోయింది. ఆ ఎక్కడం, ఈ దిగడం రెండూ ఒకటే జబ్బని మద్రాసు డాక్టరు చెప్పాడు. తలకు కరెంటు పెట్టారు. భయమేసింది. కొన్ని సంగతులు మర్చిపోయాను, కొన్ని ఇప్పటికీ గుర్తు రావు. కానీ లేచి తల దువ్వుకున్నాను. ఇప్పుడు మళ్ళీ బడిలో పాఠాలు చెబుతున్నాను.

"చూసినారా," అంది పిన్నమ్మ పందిరినంతా చూసి, "దీనికీ సోకింది." పూజారి నాకు కూడా ఒక గుంజ చూపించమంటారా అన్నట్టు ఆమె వైపు చూశాడు.

తర్వాత ఒక పట్టపు ముసలామె, పక్కన గొలుసులో ఉన్న కొడుకును చూపించి, "మావోడూ ఇట్టనే అన్యాడమ్మా. వలతాడు లాగలేక పడవలో కూచోని ఏడిస్తే సోమరిపోతని కొట్టినారు. మద్రాసులో యాడ దిగాల?" అని అడిగింది. చెప్పాను. అవతల చాప మీదినుంచి ఒక రైతు, "అన్నం పెడతారా ఆడ, లేకపోతే మేమే వండుకోవాల్నా?" అన్నాడు. ఆ తర్వాత ప్రశ్నలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పిన్నమ్మ మాత్రం నా వైపు వీపు పెట్టి కూచుంది.

"తీసుకపోండమ్మా, నాదేం పోయింది," అన్నాడు పూజారి. "కల రాకుండా విప్పితే అమ్మకు కోపం. ఆ పైన మీ ఇష్టం." ఆ మాట విని ఎవరి ఇష్టం వాళ్ళు లోపల పెట్టుకున్నారు. నేను పొద్దు వాలేదాకా వాదించాను. కాలేజీలో నేర్చుకున్న వాదనలన్నీ అయిపోయాయి.

అప్పుడు రాగమ్మ కడవ దించి, చేతులు తుడుచుకుని, "అత్తా, నాకు కల వచ్చింది," అంది.

"ఎప్పుడే?"

"ఇందాక కునుకు తీస్తి గదా. ఎర్రచీర కట్టుకోని వచ్చింది. మీ ఆయన్ను తోలుకోని వదిన ఎనకాల పో అనింది."

"నీకొస్తే ఎట్టా? వాడికి గదా రావాల?"

"ఆయన నిద్రే పోడాయె. అమ్మ మాత్రం ఎన్నాళ్ళని కాచుకోనుంటాది? నా దగ్గిరికొచ్చింది."

పూజారి ఆలోచించి, మొగుడూ పెళ్ళాం ఒకటే గనక చెల్లుతుందన్నాడు. నేను వచ్చిన దగ్గర్నుంచి రాగమ్మ నీళ్ళు మోస్తూనే ఉంది, కునుకు తీసింది లేదు. అది నేను చూశాను. నాకంటే దగ్గరగా పిన్నమ్మ చూసింది. అయినా గొలుసు విప్పేటప్పుడు నొప్పి కాకుండా కొడుకు పాదం తన ఒళ్ళో పెట్టుకుంది.

ఆ పూట వాకాడులో బంధువులింట్లో ఉండి, మర్నాడు పిన్నమ్మను ఇంటికి పంపి, గూడూరులో మేం ముగ్గురం మద్రాసు బండి ఎక్కాం. దారి పొడుగునా పెంచలయ్య పలకలేదు. ఆస్పత్రి పద్ధతులు ఇక్కడ రాయను. పోవలసినవాళ్ళకు అక్కడే చెబుతారు, కాస్త విసుక్కుంటూ చెబుతారు. రాగమ్మ వాడి దగ్గర ఉండిపోయింది. పది రోజులకు నేను బయలుదేరేటప్పుడు వాడు మొదటిసారి నోరు విప్పాడు.

"అక్కా, ఇది మళ్ళీ వస్తాదా?"

"రావచ్చురా. నాకు ఒకసారి మళ్ళీ వచ్చింది. మళ్ళీ పోయింది కూడా."

"ఆ దువ్వెన మాట నిజమే," అన్నాడు. "నాకు చెంబు అట్టుండె." అని చెంబు తీసుకుని నీళ్ళు తాగాడు.

తిరుగు బండిలో కిటికీ పక్కన చోటు దొరికింది. నేను వచ్చే బండి సంగతి ముందే ఉత్తరం రాసి ఉంచాను గనక గూడూరు ప్లాట్‌ఫారం మీద పిన్నమ్మ నిలబడి ఉంది. కిటికీ చువ్వలు పట్టుకుని, "నిద్ర పోయినాడా?" అని అడిగింది. ముందు అదే అడిగింది.

"రాత్రంతా నిద్రపోయినాడు పిన్నమ్మా. నిన్న లేచి గడ్డం గీయించుకున్నాడు."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంటుంటే నా ఎదురు సీటామె తల వంచి, "ఎవురికమ్మా బాగలేంది?" అంది. పిన్నమ్మ నా వైపు చూసింది. నేను సాయం చేయలేదు.

"నా కొడుక్కి," అంది పిన్నమ్మ. "మతి బాగలేక మద్రాసులో ఉండాడు. ఇదుగో, మా బావగారి బిడ్డ ఇది. దీనికీ అట్టనే వచ్చింది. మూడేండ్లు సంకెళ్ళేసి కట్టేసినారు దీన్ని, మనిషిని చూస్తే కరిచేది. ఇప్పుడు చూడు, బడిలో పాఠాలు చెప్తా ఉండాది."

నన్ను ఎవరూ కట్టేయలేదు, నేను ఎవర్నీ కరవలేదు. ఆ సంగతి చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోపు బండి కదిలింది, పిన్నమ్మ చువ్వలు వదల్లేదు, పక్కనే నడుస్తూ డాక్టరు పేరు, దిగాల్సిన చోటు ఎదురు సీటామెకు ఒకటికి రెండుసార్లు చెబుతోంది. నోరు మూసుకున్నాను. కరిచానంటే కరిచాననే అనుకోనీ, చిరునామా మాత్రం ఆమె సరిగ్గానే చెప్పింది.