దిష్టిపూసలు తేల్చిన లెక్క

మొన్న మా మనవడు సీడీని గచ్చుమీద రుద్ది రుద్ది, అరక తోలిన చేనులా చేసిపెట్టాడు. అయినా పెట్టెలో వేస్తే ఒక్క స్వరం తప్పకుండా పాడింది! ఇంటిల్లిపాదీ కంపెనీని మెచ్చుకున్నారు. నాకు మాత్రం మా మేనత్త గుర్తొచ్చింది.

పంతొమ్మిదివందల అరవైల్లో నేను నరసరావుపేటలో లెక్కల ట్యూటరుగా ఉంటూ పరిశోధన వెలగబెడుతున్నాను. కబురును ఒకట్లు, సున్నాలుగా మార్చి, దారిలో కొన్ని చెడినా మళ్లీ సరిదిద్దుకునే విద్య అది. గీతలు పడ్డ సీడీ పాడేదీ ఆ విద్యతోనే. నా వాటాకు పదిహేనేసి అంకెల వరసలు, మా పరిభాషలో మాటలు, నూట ఇరవై ఎనిమిది వచ్చాయి. మాటలో ఎన్ని ఒకట్లుంటే అంత దాని బరువు. ఏ బరువువి ఎన్నున్నాయో పట్టిక వెయ్యాలి. చివరి అంకెను ముందుకు తెచ్చి తిప్పినా అదీ నా మాటల్లోదే, బరువూ మారదు గనక, ఉత్త సున్నాల మాట, ఉత్త ఒకట్ల మాట ఒక్కొక్కటే అని వదిలి, మిగతా ఒక్కొక్క రకానికి పదిహేను తిప్పుళ్లని హాయిగా గుణించాను. ఖరాబు చేసిన కాగితాలు పరిస్తే గురజాల దాకా రోడ్డు కనపడదు. తీరా కూడితే నూట యాభై రెండు! నూట ఇరవై ఎనిమిది విస్తళ్ల పంక్తిలో ఇరవై నలుగురు పిలవని చుట్టాలు. సోమవారానికి పట్టిక అందకపోతే పరిశోధకుల్లోంచి నా పేరు కొట్టేస్తానని గురువుగారు ఉత్తరం రాశారు.

ఆ శనివారమే మా అమ్మాయికి ఇరవయ్యొకటో రోజు. మేనత్త రెండు తెల్లపూసలకొక నల్లపూస చొప్పున పదిహేను గుచ్చి, పసిదాని చేతికి దిష్టిపూసలు కడుతోంది. నేను దిగులుతో ఆ పూసలదండ లాక్కుని, అలవాటుకొద్దీ ఒక్కో పూసా జరుపుతూ లెక్కపెట్టసాగాను.

"ఏందిరా ఆ తిప్పుడు? మూడు పూసలు జరిపితే మళ్లా మొదటి వరసే గదా! పదిహేనుసార్లు తిప్పితే కొత్తది పుట్టిద్దా, నీ మొహం!" అని కసిరింది మేనత్త.

నల్లపూస ఒకటి, తెల్లపూస సున్నా అనుకున్నాను. ఆ పూసల వరస నా పట్టికలోనే ఉంది! తిప్పితే వచ్చే దాని కుటుంబంలో ఉన్నది ముగ్గురే. నేను పదిహేనుమందిని కూర్చోబెట్టాను. నలుపు తెలుపు తారుమారైన దాని జోడుకీ అంతే. పన్నెండూ పన్నెండూ ఇరవై నాలుగు! నేను విడిచిన నిట్టూర్పుకు ఉయ్యాల దానంతటదే ఊగింది. పట్టిక ఆ పూటే టపాలో పడింది, నా పేరు నిలిచింది.

ఇప్పుడా లెక్క కంప్యూటరు రెప్పపాటులో చేస్తుంది. ఆ పసిదాని కొడుకే ఈ సీడీ వీరుడు. వాడి చేతికీ పూసలున్నాయి, బజారులో కొన్నవి, రంగులన్నీ కలగాపులగం. వాడు నిద్రపోతున్నప్పుడు మూడేసి జరిపి చూస్తుంటాను. మొదటి వరస రాదు. 'నీ మొహం' అనేవాళ్లూ లేరు.