ఐదు వందల యూరోల కవరు

ఫిన్లాండ్‌లోని టాంపెరేలో సరదా కార్డు ఆటల కొట్టు నడిపే తైస్తోకు ఒకచోట కాలు నిలవదు. పోటీ జరిగినంతసేపూ ఉన్ని చొక్కా చేతులు మడుస్తూ, దించుతూ బల్లల మధ్య తిరుగుతుంటాడు. వారం వారం పోటీకి ఎనిమిది మందే వస్తున్నారని ఈ శనివారం మొదటిసారి ఐదు వందల యూరోల బహుమతి పెట్టాడు. నలభై మంది వచ్చారు గానీ కొట్లో ఒక్క నవ్వూ వినిపించలేదు. చివరి ఆటలో వేలీ తన వంతు కార్డు తీసుకోవడం మరిచాడు. వేరే రోజైతే "తీసుకోరా, మతిమరుపు వెధవా" అనే స్నేహితుడు, ఎదురుగా ఆడుతున్న యార్కో ఈసారి చెయ్యెత్తాడు.

"తైస్తో, రూలేంటో చెప్పు."

తైస్తో నడక ఆగిపోయింది. "ఇప్పుడు తీసుకోడానికి లేదు, వేలీ."

"తెలుసులే," అన్నాడు వేలీ.

యార్కో గెలిచాడు. అతనికి కవరు అందిస్తూ తైస్తో కిటికీలోంచి చూశాడు. ఎప్పుడూ స్నేహితులిద్దరూ కలిసి ఎక్కే బస్సు వచ్చి ఆగింది. వేలీ దాన్ని దాటుకుని మంచులో నడిచి వెళ్లిపోతున్నాడు.